మా అమ్మ చేత్తో తిన్న స్పెగెటీ

కార్తీకంలో ఒక శనివారం సాయంత్రం అమ్మనీ, మా అమ్మాయినీ తీసుకుని మా వీధి చివరున్న ఇటాలియన్ రెస్టారెంటుకి వెళ్ళాను. మావారు ఊళ్ళో లేరు, నాకు వంట చెయ్యాలనిపించలేదు. అంతకుమించి కారణమేమీ లేదు. కానీ ఆ రాత్రి అక్కడ జరిగిన ఒక చిన్న సంగతి మూడు వారాలైనా నన్ను వదలడం లేదు. దాని గురించి మా అమ్మాయితో రెండుసార్లు వాదన పెట్టుకున్నాను. హోటలాయనతోనూ మాట్లాడాను. ఇప్పుడు నాకంటూ ఒక అభిప్రాయం తేలింది కాబట్టి రాస్తున్నాను.

ఒడిశాలోని బరంపురంలో ఇటాలియన్ హోటలేమిటని విశాఖలో ఉండే మా పిన్ని కొడుకు ఫోన్లో అడిగాడు. పెద్ద హోటలేం కాదు. ఒక పాత ఇంటి వీధి గదులు రెండూ కలిపేసి ఆరు టేబుళ్ళు వేశారు. కిటికీలో బేసిల్ కుండీ ఉంటుంది, మన సబ్జా గింజల మొక్క జాతే. నడిపే ఆయన ఒడియా మనిషి, మా గంజాం జిల్లా వాడే. మా జిల్లా నుంచి సూరత్ మగ్గాలకి వెళ్ళేవాళ్ళ సంగతి అందరికీ తెలుసు. ఈయన గోవా వెళ్ళాడు. అక్కడ హోటళ్ళ వంటగదుల్లో పదకొండేళ్ళు పనిచేసి, పెళ్ళయ్యాక తిరిగొచ్చి ఇది పెట్టుకున్నాడు. బరంపురంలో పుట్టి పెరిగిన ఒడియావాళ్ళలాగే తెలుగు బాగా మాట్లాడతాడు.

అమ్మకి డెబ్బై నాలుగేళ్ళు. పుట్టిల్లు ఇక్కడి నేతవాళ్ళ వీధే. తాత గుంట మగ్గం మీద నేస్తుంటే పక్కన కూర్చుని కండెలు చుడుతూ పెరిగిన మనిషి. కార్తీకమంతా నీచు ముట్టదు. మెనూ ఇంగ్లీషులోనే ఉంది కాబట్టి నేనే చదివి చెప్పాను. ‘స్పెగెటీ ఆల్యో ఎ ఓల్యో’ దగ్గర ఆగి, ఆ మాటలకి అర్థం వెల్లుల్లి, నూనె అంతేనమ్మా అన్నాను.

“ఎల్లుల్లీ నూనేనా? అదే సెప్పించు నాకు” అంది.

ఆర్డరు తీసుకోవడానికి హోటలాయనే వచ్చాడు. అమ్మ ఊరుకోలేదు. “బాబూ, ఎలా సేస్తావిది?” అని అడిగింది. ఆయన ఓపిగ్గా చెప్పాడు. ఆలివ్ నూనెలో వెల్లుల్లి పలచగా తరిగి వేసి, మాడకుండా సన్నటి సెగ మీద ఉంచుతాడట. ఎండుమిర్చి తుంచి వేస్తాడట. స్పెగెటీ ఉడికిన నీళ్ళు పారబొయ్యకుండా ఒక గరిటెడు అందులో పోసి గట్టిగా కలిపితే నూనే, నీళ్ళూ ఒకటై చిక్కబడతాయట.

“గంజన్నమాట” అంది అమ్మ.

“అదే మాఉసీ, పేజ” అన్నాడు ఆయన, ఒడియా మాటలో. మాఉసీ అంటే పిన్ని.

ఆయన లోపలికి వెళ్ళాక అమ్మ నావైపు వంగి, “గంజి పారబొయ్యనోడికి వంట తెలిసినట్టే” అంది. ఆ మాట అన్నప్పుడు అమ్మ మొహం ఎంత బాగుందో.

ప్లేటు వచ్చింది. పొగలు వస్తోంది. అమ్మ కాసేపు ఆగి, కుడిచేత్తో అంచు దగ్గర కాస్త దగ్గరికి లాక్కుని, వేళ్ళ కొసలతో చుట్టి, చిన్న ముద్ద చేసుకుని నోట్లో పెట్టుకుంది. రెండు పోగులు గడ్డం మీదికి జారితే ఎడమచేతి వేలితో లోపలికి తోసుకుంది. రెండో ముద్ద, మూడో ముద్ద. బాగుందని తలూపింది. నేను నా సూపులో ఉన్నాను. అప్పుడు పక్క టేబులు దగ్గర నవ్వు వినబడింది. కాలేజీ పిల్లలు ముగ్గురు. ఒకడి ఫోను మా వైపు తిరిగి ఉంది. మా అమ్మాయి ఎర్రబడిపోయి, టేబులు కింద నుంచి వాళ్ళ అమ్మమ్మ చీర లాగింది. “అమ్మమ్మా, ఫోర్కు. ఫోర్కుతో తిను.”

అమ్మ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ముద్దని మళ్ళీ ప్లేట్లో పెట్టేసింది. పేపరు న్యాప్‌కిన్‌తో వేళ్ళు తుడుచుకుని, ఫోర్కు తీసుకుని నాలుగు పోగులు తింది. తర్వాత కడుపు నిండిపోయిందంది. సగం పైన మిగిలిపోయింది.

నేను ఒక్క మాట అనలేదు. ఆ పిల్లల్ని అనలేదు, నా కూతుర్నీ అనలేదు. “తినమ్మా, నీకెలా వస్తే అలా తిను” అనడానికి ఎంతసేపు పడుతుంది? ఆ మాటే నా నోటికి రాలేదు. బిల్లు కట్టి ఇంటికొచ్చేశాం. ఆ రాత్రి అమ్మ పెరుగన్నం కలుపుకుని తినడం చూశాక నాకు నిద్ర పట్టలేదు.

మా అమ్మాయి అడిగిన ప్రశ్న

మర్నాడు మా అమ్మాయిని కోప్పడ్డాను. పద్నాలుగేళ్ళ పిల్ల, దాని వాదన దానికుంది. అదేమీ తేలిగ్గా తీసెయ్యాల్సిన వాదన కాదు. “వాళ్ళ తిండి తినడానికి వెళ్ళినప్పుడు వాళ్ళ పద్ధతి నేర్చుకోవద్దా? ఎవరైనా మనింటికొచ్చి పప్పన్నం ఫోర్కుతో పొడుచుకుని తింటే నీకెలా ఉంటుంది? అది మర్యాదా?” అంది. ఇంకో మాట కూడా అంది. “నేను అమ్మమ్మని అవమానించలేదు. వాళ్ళు వీడియో తీస్తున్నారు. అమ్మమ్మని కాపాడాలనుకున్నాను.”

రెండో మాటకి నా దగ్గర జవాబు లేదు. నేను చెయ్యనిది అది చెయ్యబోయింది, చేసిన పద్ధతి తప్పు కావచ్చు. మొదటి ప్రశ్న మాత్రం చాలా రోజులు తొలిచింది.

అప్పుడు గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు నాన్న ఆఫీసులోకి పంజాబు నుంచి బదిలీ మీద ఒకాయన వచ్చాడు. నాన్న ఆయన్ని భోజనానికి పిలిచాడు. అన్నం, చారు చేత్తో కలుపుకోవడం ఆయనకి రాలేదు. వేళ్ళ సందుల్లోంచి చారు మోచేతి దాకా కారుతోంది. అమ్మ వంటింట్లోంచి చూసి, ఎవరూ చెప్పకుండానే, ఒక చెంచా కడిగి తెచ్చి ఆయన కంచం పక్కన పెట్టింది. ఏమీ అనలేదు. ఆయన ప్రాణం కుదుటపడింది. చారు పుల్లగా ఉందని, కాస్త చింతపండు తగ్గిస్తే బాగుండేదని ఆయన తర్వాత నవ్వుతూ అంటే, అమ్మ కూడా నవ్వి ఊరుకుంది. మళ్ళీసారి వచ్చినప్పుడు చెంచా ముందే పెట్టింది. చారులో చింతపండు మాత్రం తగ్గించలేదు.

నా అభిప్రాయం మొత్తం ఆ చెంచాలోనూ, ఆ చారులోనూ ఉంది. ఏం వండాలో, ఎలా వండాలో వండేవాళ్ళ ఇష్టం. ఎలా తినాలో తినేవాళ్ళ ఇష్టం. హోటలైనా ఇల్లయినా అంతే.

మరి, ఎవరైనా మనింట్లో పప్పన్నం ఫోర్కుతో తింటే నాకెలా ఉంటుంది? కొత్తగా ఉంటుంది, ఒకసారి చూస్తాను. ఫోను తియ్యను.

నేపుల్స్ వీధుల్లో

‘వాళ్ళ పద్ధతి’ అని మా అమ్మాయి అంది కదా, ఆ పద్ధతి ఎప్పటిదో చూద్దామని కూర్చుని చదివాను. ఇటలీలోని నేపుల్స్‌లో 18, 19 శతాబ్దాల్లో మాకరోనీ, అంటే అప్పట్లో ఇలాంటి పొడుగు పోగుల పాస్తాయే, వీధి తిండి. పొయ్యి మీద పెద్ద కాగు, పక్కన తురిమిన చీజ్ గుట్ట. టమాటా సాస్ అందులో చాలా కాలం తర్వాత చేరింది. కొనుక్కున్నవాళ్ళు ఆ పోగుల్ని చేత్తో పైకెత్తి, తల వెనక్కి వాల్చి, నోట్లోకి వదులుకునేవాళ్ళు. ఫోర్కుతో కాదు, వేళ్ళతో.

నన్ను ఆపేసింది దాని తర్వాతి సంగతి. ఉత్తర యూరపు దేశాల నుంచి వచ్చిన యాత్రికులకి అదొక వినోదం. నేపుల్స్ పేదవాళ్ళకి నాణేలిచ్చి, మాకరోనీ కొనిపించి, వాళ్ళు తింటుంటే చూసేవాళ్ళు. కెమెరాలు వచ్చాక వీధి కుర్రాళ్ళని వరసగా నిలబెట్టి, చేతుల్లో మాకరోనీ పెట్టి ఫొటోలు తీసి యాత్రికులకి అమ్మేవాళ్ళు. అక్కడివాళ్ళకి ‘మాకరోనీ తిండిపోతులు’ అనే అర్థంలో ఒక ఎకసెక్కపు పేరు కూడా ఉండేది. ఈ రోజు ప్రపంచమంతా గొప్పగా చెప్పుకునే తిండిని చేత్తో తిన్నందుకు, ఆ తిండిని నిలబెట్టిన మనుషుల్నే బొమ్మల్ని చూసినట్టు చూశారు. పక్క టేబులు మీది ఫోను ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అప్పుడు అర్థమైంది.

చేత్తో తినడం మన సంస్కృతి కాబట్టి గొప్ప అనడం నాకు ఇష్టం లేదు. చెయ్యి మన ఒక్కళ్ళదే కాదు. ఇటలీలో ఇప్పటికీ భోజనం చివర ప్లేట్లో మిగిలిన సాస్‌ని రొట్టె ముక్కతో తుడుచుకుని తింటారు. ‘స్కార్పెట్టా’ అంటారు దాన్ని, చిన్న చెప్పు అని అర్థం. ఇళ్ళలో అందరూ చేస్తారు, పెద్ద విందుల్లో చేస్తే మర్యాద కాదనే వాళ్ళూ ఉన్నారు. కంచంలో పులుసు వేలితో నాకితే మా బామ్మ మురిసిపోయేది, పెళ్ళి పంక్తిలో చేస్తే తొడ మీద గిల్లేది. అక్కడా ఇదే గొడవ ఉందన్నమాట.

ఆ భాష మాటొకటి మన వంటింట్లో ఎప్పటి నుంచో ఉంది. సేమియా ప్యాకెట్ మీద చూడండి, వెర్మిసెల్లి అని ఉంటుంది. చిన్న పురుగులు అని ఇటాలియన్లో దానర్థం. ఆ వెర్మిసెల్లితో ఉప్మా చేసుకుని, పాయసం కాచుకుని, చేత్తోనో చెంచాతోనో ఇన్నేళ్ళుగా తింటూనే ఉన్నాం. సేమియా పొట్టిగా ఉండి గుండ్రటి గిన్నెలో ఉంటే ఎవరికీ పట్టలేదు. అదే పొడుగ్గా, వెడల్పాటి తెల్ల ప్లేట్లో వచ్చేసరికి సిగ్గు వచ్చింది.

ఒక అనుమానం నాకూ ఉంది, దాచను. పొడుగు పోగుల్ని తినడానికి ఫోర్కు నిజంగా మంచి పనిముట్టు. ఇంట్లో నేనూ చేత్తో తిని చూశాను. వేళ్ళు కాలాయి, నూనె మణికట్టు దాకా వచ్చింది, సగం పోగులు జారిపోయాయి. నాకు ఫోర్కే సుఖం. అమ్మ వేళ్ళకి అలవాటైన పని నా వేళ్ళకి రాదు. పట్టు పోగులతో పెరిగిన చేతులకి అది కష్టం కాలేదేమో. అందుకే ఎవరి సుఖం వాళ్ళు చూసుకోవాలంటున్నాను కానీ, అందరూ ఫోర్కులు పారేయమనడం లేదు.

వండేవాడి పక్షాన

ఇప్పుడు రెండో సగం. ఇక్కడ తప్పు నాది. ఆ హోటలు పెట్టిన కొత్తలో మావారితో మొదటిసారి వెళ్ళినప్పుడు పాస్తా గట్టిగా ఉందని వెనక్కి పంపాను. ఇంకా ఉడికించమన్నాను. చీజ్ ఎక్కువ వెయ్యమన్నాను, టమాటా కెచప్ అడిగాను. ఆయన ఏమీ అనకుండా అన్నీ చేసి తెచ్చాడు. అది మెత్తటి ముద్దయిపోయింది, నేనే తినలేకపోయాను.

ఈ మధ్య మాటల్లో ఆ సంగతి కదిపితే ఆయనకి గుర్తుంది. లోపల చిన్న పలుకు మిగిలేలా దించడం నేర్చుకోవడానికి తనకి నెలలు పట్టిందన్నాడు. వంద గ్రాముల పాస్తాకి లీటరు నీళ్ళు, పది గ్రాముల ఉప్పు. అది దించే నిమిషం తప్పితే మిగతా కష్టమంతా వృథా. “తందూరీ పాస్తా చెయ్యమంటారు, మయోనీజ్ వెయ్యమంటారు. రోజూ అడుగుతారు. అలా చేస్తే రెండు రెట్లు అమ్ముడుపోతుంది మేడమ్. కానీ నేను పదకొండేళ్ళు నేర్చుకున్నదేంటి?” అన్నాడు.

ఆ మాటకి ఎదురు చెప్పేవాళ్ళూ ఉంటారని తెలుసు. డబ్బిచ్చేది మనం, మనకి కావలసినట్టు చెయ్యాలి కదా అంటారు. టమాటా, మిరపకాయ ఇటలీకీ మనకీ కూడా అమెరికా ఖండాల నుంచే వచ్చాయి, అన్నీ మారుతూనే ఉన్నాయి, తందూరీ వేస్తే ఏమైంది అంటారు. మారడం గురించి నాకేమీ అభ్యంతరం లేదు. ఆయనే ఒకరోజు తందూరీ పాస్తా చెయ్యాలనుకుంటే సంతోషంగా వెళ్ళి తింటాను. వండేవాడు తన చేత్తో మార్చడం వేరు, తిననెరగని వాళ్ళం వెనక్కి పంపి మార్పించడం వేరు.

మా ఊళ్ళో ఇది కొత్త న్యాయం కాదు. బరంపురం పట్టు చీర అంచు మీద ఫొడా కుంభం, అంటే గుడి గోపురాల వరస, నేస్తారు. ఆ కుంభం ఎలా లేవాలో నేతవాడికి తెలుసు, కొనేవాళ్ళు మగ్గం దగ్గరికొచ్చి చెప్పరు. అదే చీర మా పక్కింటి ఒడియా అత్తగారు కొంగు తల మీదికి కప్పుకుని కట్టుకుంటారు. మా అమ్మ కుచ్చిళ్ళు పోసుకుని కొంగు భుజం మీద వేసుకుంటుంది. ఎలా కట్టుకోవాలో నేతవాడు చెప్పడు. ఆ నేతవాళ్ళ పూర్వీకులు తెలుగు నేల నుంచి వచ్చినవాళ్ళే. ఇప్పుడు ఊరి దేవత బుఢీ ఠాకురాణి రెండేళ్ళకోసారి జరిగే యాత్రలో పుట్టింటికి వచ్చేది ఆ నేతవాళ్ళ పెద్ద దేశిబెహరా ఇంటికి. బయటి నుంచి వచ్చిన పనితనాన్ని తన ఇల్లు చేసుకోవడం ఈ ఊరికి తెలుసు. వాళ్ళని ఎవరూ మీ నేత మార్చుకోండి, అప్పుడే మావాళ్ళు అనలేదు.

1936లో ఒరిస్సా ఏర్పడ్డప్పుడు ఇటువైపు ఉండిపోయిన తెలుగువాళ్ళం మేము. విశాఖ వెళ్తే మీ తెలుగు తేడాగా ఉందే అంటారు. భువనేశ్వర్ వెళ్తే మా ఒడియా తేడాగా ఉందంటారు. మాట్లాడే తీరు చూసి నవ్వితే ఎలా ఉంటుందో మాకు బాగా తెలుసు. తినే తీరు చూసి నవ్వడం మాకు అసలు రాకూడదు. అందుకే ఆ ముగ్గురు పిల్లల మీద నాకింత బాధ. బహుశా వాళ్ళూ మా ఊరివాళ్ళే.

వండేవాడి ఇష్టం అన్నాను కదా, దానికో హద్దుంది. ఏం వేశాడో నిజం చెప్పాలి. ఈ విషయంలో ఆయన మీద నాకు గౌరవం పెరిగిన సంగతి ఒకటి చెప్పాలి. ఆ శనివారం ఆర్డరు తీసుకుంటూనే, “మాఉసీ కార్తీకం చేస్తున్నారా?” అని అడిగాడు. అవునంటే, పైన చల్లే చీజ్ మార్చి వేస్తానన్నాడు. ఎందుకని అడిగాను. అసలు పార్మిజానో చీజ్‌లో మూడే ఉంటాయట, పాలు, ఉప్పు, దూడ పొట్టలోంచి తీసే రెనెట్. పాలు విరిగేది దానితోనే. కొందరు తెలిసి తింటారు, వాళ్ళిష్టం. తెలియక తినేవాళ్ళకి చెప్పకపోతే పాపం అన్నాడు. రెనెట్ బదులు వేరే పద్ధతిలో విరిచిన మన దేశపు చీజ్ విడిగా ఉంచుతాడట.

అమ్మ అంతా విని, “పాలు ఇరగ్గొట్టడానికి నిమ్మకాయ సాలదా?” అంది. ఛెనాకి, పనీరుకి చాలుతుంది, ఏడాది పైన నిలవుండే గట్టి చీజ్‌కి చాలదని ఆయన చెప్పాడు. ఆ చీజ్‌ని కనీసం పన్నెండు నెలలు మాగబెడతారట. ఇద్దరూ వంట మనుషుల్లా మాట్లాడుకున్నారు. అంత బాగా మొదలైన భోజనం అది.

చెయ్యి కడుక్కునే చోటు

ఇన్ని రోజులు ఆలోచించాక తప్పు ఆ పిల్లలదీ, మా అమ్మాయిదీ మాత్రమే కాదనిపిస్తోంది. ఆ గదిదీ కొంత ఉంది.

మన భోజనం హోటళ్ళు, టిఫిన్ హోటళ్ళు గుర్తు చేసుకోండి. ఎంత చిన్న హోటలైనా లోపలికి అడుగు పెట్టగానే ఒక మూల వాష్‌బేసిన్ ఉంటుంది. పైన చిన్న అద్దం, పక్కన సబ్బు. తినడానికి ముందు అందరూ అందరి ఎదటే కడుక్కుంటారు, తిన్నాక నోరు పుక్కిలించుకుంటారు. ఆ బేసిన్ ఏమీ మాట్లాడదు కానీ, ఇక్కడ చేత్తో తింటారు అని అందరికీ తెలుస్తుంది. మా వీధి ఇటాలియన్ హోటల్లో బేసిన్ వంటగది వెనక, బాత్రూము లోపల ఉంది. తలుపు మీద ఇంగ్లీషులో రాసుంది. దానికి వెళ్ళాలంటే టేబుళ్ళ మధ్య నుంచి, వెయిటర్లని తప్పించుకుంటూ వెళ్ళాలి. ఆ రోజు అమ్మ తినడానికి ముందు చెయ్యి ఎక్కడ కడుక్కోవాలో తెలియక సీసాలో నీళ్ళు అరచేతిలో పోసుకుని కిటికీ దగ్గర కుండీలో వంపింది. అప్పుడే నాకు తట్టి ఉండాల్సింది.

గదిలో బేసిన్ కనబడుతూ ఉంటే మా అమ్మాయి చీర లాగేది కాదు. ఆ కాలేజీ పిల్లలకీ అందులో తీయాల్సిన వింత ఉండేది కాదు. ఇది నా నమ్మకం.

పోయిన వారం ఈ మాటే ఆయనతో అన్నాను. మెనూలో పేర్లు మార్చొద్దు, ఇడ్లీ ఎక్కడికెళ్ళినా ఇడ్లీయే. కానీ కింద ఒడియాలోనూ తెలుగులోనూ ఏముందో ఒక్క వరస రాయించండి, ముందు గదిలో బేసిన్ పెట్టించండి అన్నాను. మెనూకి వెంటనే సరేనన్నాడు. బేసిన్ దగ్గర ఆగాడు. గోడ పక్కనున్న ఇద్దరి టేబులు తీసెయ్యాలి. ఉన్నవే ఆరు. శని, ఆదివారాల్లో ఆ టేబులు ఒక్క పూట ఖాళీగా ఉండదు. అద్దె, గ్యాసు, ఇద్దరు కుర్రాళ్ళ జీతం లెక్క చెప్పాడు. అది న్యాయమైన లెక్కే. నేను చెప్పడం తేలిక, నష్టం ఆయనది. ఆలోచిస్తానన్నాడు.

మొన్న ఆదివారం మళ్ళీ వెళ్ళాం. రమ్మంటే అమ్మ ముందు వద్దంది. మా అమ్మాయే బతిమాలి తీసుకొచ్చింది. అదే స్పెగెటీ. మా అమ్మాయి ఫోర్కు తీసుకుంది. అమ్మ ఫోర్కు వైపు చూసింది, దాని వైపు చూసింది. “నీకెలా వస్తే అలా తిను అమ్మమ్మా” అని అదే అంది. నేను అనాల్సిన మాట. ఈసారి ప్లేటు ఖాళీ అయింది. చివర్లో మిగిలిన నూనెని రొట్టె ముక్కతో తుడుచుకుని తింది అమ్మ. స్కార్పెట్టా గురించి తనకి నేనేమీ చెప్పలేదు.

వెళ్ళేటప్పుడు చూశాను. ఇద్దరి టేబులు ఇంకా అక్కడే ఉంది. దాని పైన గోడ మీద ప్లంబరు పెన్సిల్‌తో గీసిన గీత ఉంది. అమ్మ ఆ గీత పక్కన నిలబడి, మోచెయ్యి వంచి చూసుకుని, “ఇంకాస్త కిందకి పెట్టమను” అంది.